పుట్టకముందే తాగిన నీళ్ళు

మీ మొదటి పాలపన్ను ఊడినప్పుడు ఏం చేశారు? పేడముద్దలో పెట్టి ఇంటి కప్పు మీదికి విసిరేసి ఉంటారు. మన పల్లెల్లో చాలామంది చేసే పని అదే. కాని ఆ పన్నును దాచి, పలుచగా కోసి, సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే ఒక తమాషా కనిపిస్తుంది. పంటిపైన తెల్లగా మెరిసే గట్టి పొరను ఎనామెల్ అంటారు. ఆ పొరలో, చెట్టు మానును అడ్డంగా కోసినప్పుడు కనిపించే వలయాల్లాగా, సన్నని గీతలుంటాయి. వాటిలో ఒక గీత మిగతావాటికంటే స్పష్టంగా ఉంటుంది. అది మీరు పుట్టిన నాటి గీత! దానికి లోపలి వైపున్న ఎనామెల్ మీరు అమ్మ కడుపులో ఉండగా తయారైంది. బయటి వైపున్నది మీరు ఈ లోకంలోకి వచ్చాక తయారైంది.

అవును, పాలపళ్ళు గట్టిపడటం తల్లి కడుపులో నాలుగో నెలలోనే మొదలవుతుంది. చిగుళ్ళను చీల్చుకొని బయటికి రావడానికి మాత్రం పుట్టాక ఆరేడు నెలలు పడుతుంది. కడుపులో ఉన్న బిడ్డ పళ్ళకూ ఎముకలకూ కావలసిన కాల్షియం, భాస్వరం ఎక్కడినుంచి వస్తాయి? తల్లి రక్తంనుంచే. తల్లి రక్తంలోకి ఆమె తినే తిండినుంచి, తాగే నీటినుంచి వస్తాయి. అంటే మనమంతా పుట్టకముందే నీళ్ళు తాగాం. ఏ నీళ్ళు అన్నది మాత్రం మనం ఎంచుకోలేదు.

నెల్లూరు జిల్లా పడమటి ప్రాంతాల్లో ఇది చిన్న విషయం కాదు.

నెల్లూరు అనగానే పెన్న కాలువలు, మొలగొలుకుల బియ్యం గుర్తొస్తాయి. అదే జిల్లాలో ఆత్మకూరు దాటి మర్రిపాడు వైపు పడమరగా వెళ్ళినా, వాయవ్యంగా ఉదయగిరి వైపు వెళ్ళినా నేల తీరే మారిపోతుంది. మెట్ట చేలు, రాతి గుట్టలు, దూరంగా వెలికొండలు. 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతులనుంచి గెలుచుకున్న ఉదయగిరి దుర్గం ఆ రాళ్ళమీదే ఉంది. ఇక్కడ వాన తక్కువ. కాలువ నీరు అందని ఊళ్ళకు బోరుబావులే దిక్కు. ఆ బోరు నీళ్ళలో చాలాచోట్ల ఫ్లోరైడ్ ఉండవలసిన దానికంటే ఎక్కువ.

దాన్ని ఏ కర్మాగారమూ తెచ్చి పోయలేదు. రాతిలోనుంచే వచ్చింది. ఈ ప్రాంతపు పురాతన శిలల్లో అభ్రకం, హార్న్‌బ్లెండ్ వంటి ఖనిజాలున్నాయి. రసాయన శాస్త్రంలో మీరు హైడ్రాక్సిల్ అనే జంట పేరు విని ఉంటారు: ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్. ఈ ఖనిజాల్లో ఆ జంట కూర్చోవలసిన చోట అక్కడక్కడ ఫ్లోరైడ్ కూర్చొని ఉంటుంది. రెండూ దాదాపు ఒకే పరిమాణంలో ఉంటాయి గనుక రాయికి తేడా తెలియదు. క్షారగుణం గల నీరు ఆ రాతి సందుల్లో ఏళ్ళ తరబడి నిలిస్తే నీటిలోని హైడ్రాక్సిల్ లోపలికి చేరుతుంది, ఫ్లోరైడ్ బయటపడి నీటిలో కలుస్తుంది. నీటిలో కాల్షియం బాగా ఉంటే అది ఫ్లోరైడ్‌ను పట్టి అడుగుకు దింపేస్తుంది. కాల్షియం తక్కువైతే ఫ్లోరైడ్ నీటిలోనే తేలికగా తిరుగుతుంది. అందుకే నాలుకను నమ్మడానికి వీల్లేదు. ఉప్పగా, గరుగ్గా ఉన్న నీళ్ళకంటే ఒక్కోసారి కమ్మగా ఉన్న నీళ్ళలోనే ఫ్లోరైడ్ ఎక్కువ ఉండవచ్చు. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు.

ఎంత ఉంటే ఎక్కువ? లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మన భారతీయ ప్రమాణాలు 1 మిల్లీగ్రాము లోపే ఉండాలనీ, వేరే నీటి వసతి లేనప్పుడు 1.5 వరకు సహించవచ్చనీ చెబుతాయి. ఇది ఎంత కొంచెమో ఊహించండి. పదిహేను లీటర్లు పట్టే బిందెలో 1.5 చొప్పున మొత్తం 22.5 మిల్లీగ్రాములు. ఇంచుమించు ఒక్క బియ్యపు గింజ బరువు! బిందెడు నీటిలో ఒక గింజ ఎత్తు దాటితే హద్దు దాటినట్టే.

ఈ సంగతి మనదేశంలో మొదట బయటపడింది నెల్లూరు జిల్లాలోనే. 1930ల దశకంలో రైతులు తమ ఎద్దులు కీళ్ళు బిగుసుకుపోయి కుంటుతున్నాయనీ, అరక లాగలేకపోతున్నాయనీ గమనించారు. ఆ తరువాత మనుషుల్లోనూ అదే కనిపించింది. వెన్ను వంగదు, మెడ తిరగదు, పళ్ళమీద గోధుమరంగు చారలు. షార్ట్ అనే వైద్యుడూ, ఆయన తోటి పరిశోధకులూ ఇది ఫ్లోరైడ్ వల్ల వచ్చే జబ్బని నిర్ధారించి 1937లో ప్రకటించారు. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు కూడా అప్పట్లో నెల్లూరు జిల్లాలోనివే. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అవి అటు వెళ్ళాయి. మనుషులకంటే ముందు ఎద్దుల నొప్పిని గమనించినవారు రైతులు. పరిశోధకుల పేర్లు పుస్తకాలకెక్కాయి, ఆ రైతుల పేర్లు ఎక్కడా లేవు.

షార్ట్ చూసినది పెద్దల వెన్నెముకలను. ఇప్పుడు మనం ఇంకా వెనక్కి, తల్లి కడుపులోకి వెళదాం.

మాయ అనే జల్లెడ

తల్లి రక్తం బిడ్డ ఒంట్లోకి నేరుగా పారదు. చాలామంది పెద్దలు కూడా పారుతుందనే అనుకుంటారు. రెంటికీ మధ్య మాయ ఉంటుంది. కాన్పు సమయానికి అది సుమారు అరకిలో బరువుంటుంది. కాని దానిలోని మడతలన్నీ విప్పి పరిస్తే పది పన్నెండు చదరపు మీటర్ల మేర, అంటే ఒక చిన్న గది నేలంత వస్తుంది. ఒక పక్క తల్లి రక్తం, మరో పక్క బిడ్డ రక్తం, మధ్య పలుచని పొర. ప్రాణవాయువు, చక్కెర, కాల్షియం అటునుంచి ఇటు వస్తాయి. వ్యర్థాలు ఇటునుంచి అటు పోతాయి.

ఈ మాయ ఒక కోటగోడలాంటిదనీ, చెడ్డ పదార్థాలను అది లోపలికి రానివ్వదనీ వైద్యులు చాలాకాలం నమ్మారు. ఆ నమ్మకాన్ని వమ్ము చేసిన ఊరు జపానులోని మినమాటా. అక్కడ ఒక రసాయన కర్మాగారం పాదరసాన్ని సముద్రంలోకి వదిలింది. అది చేపల్లోకి చేరింది, చేపలు తిన్న జనానికి నరాల జబ్బు వచ్చింది. ఈ జబ్బు 1956లో బయటపడింది. అదే ఊళ్ళో కొందరు పసిపిల్లలు మెడ నిలపలేక, నడవలేక, మాట రాక ఉండిపోయారు. వాళ్ళు ఎన్నడూ చేప తినలేదు. వాళ్ళ తల్లులు పైకి ఆరోగ్యంగానే ఉన్నారు. మరి విషం ఎలా వచ్చింది? మాయ దాటి వచ్చిందని 1962లో తేలింది. తల్లి ఒంట్లోని విషాన్ని కడుపులోని బిడ్డ పీల్చుకొంది. తరువాత దీనికి ఒక విచిత్రమైన సాక్ష్యం దొరికింది. జపాను కుటుంబాల్లో బిడ్డ బొడ్డుతాడు ఎండబెట్టి చిన్న పెట్టెలో దాచుకొనే అలవాటుంది. మన పల్లెల్లో తాయెత్తులో పెట్టి కట్టినట్టే. పరిశోధకులు ఆ ఎండిన ముక్కలను ఇళ్ళవారిని అడిగి తెచ్చి పరీక్షించారు. పాదరసం అందులోనే ఉంది!

కనుక మాయ గోడ కాదు, జల్లెడ. ఏది ఆగుతుంది, ఏది జారుతుంది అన్నది ఆ పదార్థం తీరును బట్టి ఉంటుంది. డి.డి.టి. సంగతే చూడండి. మలేరియా దోమలను చంపడానికి మన ఇళ్ళ గోడలమీద తెల్లగా చల్లిన మందు అది. మీ తాతయ్యనడిగితే చెబుతారు. అది నీటిలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. ఏళ్ళ తరబడి నాశనం కాక ఒంటి కొవ్వులో నిలిచిపోతుంది. కొంత మాయ దాటుతుంది. తరువాత కొవ్వుతో పాటు తల్లిపాలలోకీ దిగుతుంది. తల్లిపాలలో డి.డి.టి. ఉన్నట్టు అమెరికాలో 1951లోనే కనుగొన్నారు. మనదేశంలో పొలాల్లో దాని వాడకాన్ని 1989లో నిషేధించారు. ఇలా చిరకాలం నిలిచే విషాలను అరికట్టాలని 2001లో స్టాక్‌హోంలో దేశాలు చేసుకొన్న ఒప్పందంలో మొదట చేర్చిన పన్నెండింటిలో అదొకటి.

ఫ్లోరైడ్ ప్రయాణం దీనికి తలకిందులు. అది నీటిలో కరిగే బుల్లి అయాను, కొవ్వుతో దానికి పని లేదు. మాయను సులభంగానే దాటుతుంది. బొడ్డుతాటి రక్తంలో తల్లి రక్తంకంటే కొంచెం తక్కువగా ఉంటుంది, అంతే. దాటినది గట్టిపడుతున్న బిడ్డ ఎముకల్లో, పళ్ళలో చేరుతుంది. రాతిలో ఎక్కడ కూర్చుందో గుర్తుందా? హైడ్రాక్సిల్ చోట. ఎముకలోనూ అదే చోటు! మన ఎముక ఖనిజంలోనూ హైడ్రాక్సిల్ జంటలున్నాయి. ఉదయగిరి రాతిలోనుంచి దిగిన ఫ్లోరైడ్ ఉదయగిరి బిడ్డ ఎముకలో అదే రకం పీటమీద కూర్చుంటుందన్నమాట. మన ఒంట్లో ఉండే ఫ్లోరైడ్‌లో నూటికి తొంభై తొమ్మిది వంతులు ఎముకల్లో, పళ్ళలోనే ఉంటుంది. అది మూలకం, కనుక కుళ్ళిపోవడం, విరిగి మరొకటైపోవడం దానికి లేవు.

అయితే ఆశ్చర్యపడవలసిన విషయం మరొకటుంది. మాయ వదిలేసిన ఫ్లోరైడ్‌ను రొమ్ము దాదాపుగా ఆపేస్తుంది! తల్లి తాగే నీటిలో ఎంత ఉన్నా తల్లిపాలలో లీటరుకు ఒక మిల్లీగ్రాములో నూరో వంతుకు అటూ ఇటూగానే ఉంటుంది. దీని విలువ లెక్క వేస్తేగాని తెలియదు. ఒక ఊరి బోరులో లీటరుకు 3 మిల్లీగ్రాములుందనుకోండి. అయిదు కిలోల బిడ్డ రోజుకు 700 మిల్లీలీటర్ల పాలు తాగుతుందనుకోండి. తల్లిపాలైతే ఒంట్లోకి పోయే ఫ్లోరైడ్ 0.007 మిల్లీగ్రాము. అదే డబ్బాపాల పొడిని బోరు నీటిలో కలిపి పడితే సుమారు 2.1 మిల్లీగ్రాములు. మూడువందల రెట్లు! అదే ఊళ్ళో రోజుకు మూడు లీటర్లు తాగే యాభై కిలోల తల్లికి కిలో బరువుకు 0.18 మిల్లీగ్రాము అందితే, డబ్బాపాల బిడ్డకు కిలోకు 0.42 అందుతుంది. పైగా పెద్దవాళ్ళు సగందాకా మూత్రంలో బయటికి పంపేస్తారు. పసిబిడ్డ ఎముకలు నూటికి ఎనభైకి పైగా పట్టి ఉంచుకుంటాయి.

అందుకే మొదటి ఆరునెలలు తల్లిపాలు తప్ప వేరేమీ పట్టవద్దనే వైద్యుల మాటకు ఉదయగిరిలో మరింత బరువుంది. ఎండాకాలంలో "పాపం నోరెండుతుంది" అని పెద్దవాళ్ళు కాచి చల్లార్చిన నీళ్ళు చెంచాతో పడుతుంటారు. అవసరం లేదు. నెల్లూరు ఎండల్లో కూడా బిడ్డకు కావలసిన నీరంతా తల్లిపాలలోనే ఉంది. డి.డి.టి. ఉన్నా సరే తల్లిపాలు మానవద్దనే వైద్యుల సలహా, ఎందుకంటే వాటి మేలు ముందు ఆ కీడు చిన్నది.

మరి పుట్టిన బిడ్డకు ఏమవుతుంది?

చూస్తే ఏమీ తెలియదు. అదే చిక్కు. బిడ్డ ఏడుస్తుంది, పాలు తాగుతుంది, నిద్రపోతుంది. నీటిలో ఫ్లోరైడ్ చాలా ఎక్కువైన చోట మాత్రం తరువాత వచ్చే పాలపళ్ళమీద, ముఖ్యంగా వెనుక దంతాలమీద, మచ్చలు కనిపిస్తాయి. కడుపులోనూ తొలి నెలల్లోనూ అందిన ఫ్లోరైడ్‌కు అవి గుర్తులు. శాశ్వత పళ్ళ సంగతి వేరు. ముందుపళ్ళ ఎనామెల్ పుట్టిన మూడు నాలుగు నెలలకు మొదలై నాలుగైదేళ్ళకు పూర్తవుతుంది. ఏడేళ్ళకు బయటపడే మచ్చ రెండేళ్ళనాటి నీళ్ళదన్నమాట. మీ తరగతిలో అలాంటి పళ్ళున్న స్నేహితుణ్ణి "పళ్ళు తోముకోవా?" అని ఎవరైనా ఎగతాళి చేస్తే వాళ్ళకు ఇది చెప్పండి. ఆ మచ్చ పంటిమీద లేదు, పంటిలో ఉంది. బ్రష్షుతో గంటసేపు తోమినా పోదు.

పుట్టిన బిడ్డ బరువు సంగతి కాస్త జాగ్రత్తగా చెప్పాలి. రెండున్నర కిలోలకంటే తక్కువ ఉంటే తక్కువ బరువు బిడ్డ అంటాం. అందుకు కారణాలెన్నో ఉన్నాయి. తల్లికి రక్తహీనత ఒక పెద్ద కారణం. ఫ్లోరైడ్‌పై జీవితమంతా పనిచేసిన శాస్త్రవేత్త ఎ. కె. సుశీల, ఆమె సహచరులు ఢిల్లీలో రక్తహీనత ఉన్న గర్భిణులను, మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువున్నవారిని ఎంచుకొని చేసిన పరిశోధనను 2010లో ప్రకటించారు. ఒక జట్టుకు ఫ్లోరైడ్ లేని నీరు, తిండి ఎంచుకోవడం, పాలు, కూరగాయలు, పండ్లు తినడం నేర్పారు. మరో జట్టుకు మామూలు వైద్యమే. మొదటి జట్టులో రక్తం మెరుగుపడింది, తక్కువ బరువు బిడ్డలు తగ్గారు. ఫ్లోరైడ్ పేగుల లోపలి పొరను దెబ్బతీసి పోషకాలు ఒంటబట్టనివ్వదని సుశీల వివరణ. కాని ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోండి. నీళ్ళూ మార్చారు, తిండీ మార్చారు. మేలు దేనివల్ల ఎంత? ఈ ఒక్క పరిశోధనతో విడదీసి చెప్పలేం. రెండూ కలిపి మారిస్తే మేలు కనిపించిందని మాత్రం చెప్పగలం.

బిడ్డ మెదడు గురించి ఇంకా వాదం నడుస్తోంది. గర్భిణుల మూత్రంలో ఫ్లోరైడ్ పెరిగినకొద్దీ పిల్లల తెలివితేటల పరీక్షల్లో మార్కులు కొంచెం తగ్గాయని మెక్సికోలో 2017లో, కెనడాలో 2019లో పరిశోధకులు ప్రకటించారు. స్పెయిన్‌లో చూసినవారికి అలా తగ్గినట్టు కనబడలేదు. అమెరికా జాతీయ విషపదార్థ పరిశోధన కార్యక్రమం అన్నిటినీ పరిశీలించి 2024లో ఒక మాట చెప్పింది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీటికీ, పిల్లల్లో ఈ తగ్గుదలకూ సంబంధముందని ఒక మోస్తరు నమ్మకంతో చెప్పవచ్చునట. అంతకు తక్కువైతే చెప్పేందుకు ఆధారాలు చాలవు. "ఒక మోస్తరు నమ్మకం" అన్న మాట చూసి నవ్వకండి. సైన్సులో ఎంత తెలుసో అంతే చెప్పాలి. ఆ హద్దు దాటిన బోర్లున్న ఊళ్ళవాళ్ళకు ఆ మోస్తరు మాటే చాలు.

వంటింట్లో ఏం చేయాలి?

ముందుగా ఏమి చేస్తే లాభం లేదో చెబుతాను. నీళ్ళు మరిగిస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ చావదు. పైగా నీరు ఆవిరై ఫ్లోరైడ్ మిగులుతుంది. లీటరుకు 2 మిల్లీగ్రాములున్న నాలుగు లీటర్లను మూడయ్యేదాకా కాస్తే లీటరుకు 2.7 దాకా అవుతుంది. గుడ్డతో వడకట్టినా, క్యాండిల్ ఫిల్టరులో పోసినా అది పోదు.

ఆర్.ఓ. ప్లాంటు పొర చాలావరకు తీసేస్తుంది. చాలా ఊళ్ళలో ఇప్పుడు క్యాను నీళ్ళు కొని తాగుతున్నారు, మంచిదే. అయితే చాలా ఇళ్ళలో తాగేది క్యాను నీరు, వండేది బోరు నీరు! అన్నం అత్తెసరు పెడితే ఎసట్లో ఉన్న ఫ్లోరైడ్ అంతా మెతుకుల్లోనే ఉంటుంది. గంజి వారిస్తే కొంత పోతుంది. పప్పు, చారు, టీ అన్నిటిదీ అదే లెక్క. పైగా టీ ఆకులో సొంత ఫ్లోరైడ్ కూడా ఉంది. మీ ఇంట్లో అక్కయ్యో వదినో కడుపుతో ఉంటే వంట కూడా మంచినీటితోనే అయ్యేటట్టు చూడండి. ఇంకొక చిన్న మాట: ఆర్.ఓ. ప్లాంటు వదిలిపెట్టే నీటిలో ఫ్లోరైడ్ చిక్కబడి ఉంటుంది. దాన్ని పశువుల తొట్టికి మళ్ళిస్తే 1930ల నాటి ఎద్దుల కథే మళ్ళీ మొదలవుతుంది.

పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దింపే పద్ధతిని నాగపూర్‌లోని నీరీ సంస్థ 1970లలో రూపొందించింది. నల్గొండ పద్ధతి అని దానికి ఒక తెలుగు జిల్లా పేరే పెట్టారు. కాని ఎంత పటిక వేయాలన్నది ఆ నీటిని పరీక్షించాకే తేలాలి. ఉజ్జాయింపుగా వేయకూడదు. చెరువు నీటిలో, నది నీటిలో ఫ్లోరైడ్ సాధారణంగా తక్కువే. ఆత్మకూరుకు దగ్గరలో సోమశిల వద్ద పెన్నకు ఆనకట్ట ఉంది. అలాంటి నీటిని శుద్ధిచేసి మెట్ట ఊళ్ళకు గొట్టాలద్వారా అందించడమే గట్టి పరిష్కారం. ఈలోగా ఊరి బోర్లన్నీ పరీక్ష చేయిస్తే ఏది తాగాలో, ఏది గిన్నెలు తోమడానికి వదలాలో తెలుస్తుంది. ఒకే ఊళ్ళో రెండు బోర్ల మధ్య చాలా తేడా ఉండవచ్చు. జిర్కోనియం, అలిజరిన్ అనే మందుల ఎర్రని ద్రావణం ఫ్లోరైడ్ తగిలితే పసుపు వైపు తిరుగుతుంది. పరీక్ష పెట్టెలో రంగు చూసి లెక్క చెప్పేది ఇలాగే. గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో చేస్తారు. మీ సైన్సు మాస్టారిని అడిగి నమూనా పంపండి.

చివరగా, పెళ్ళిచూపుల్లో వినబడే ఒక అపవాదు. మచ్చల పళ్ళున్న అమ్మాయిని చేసుకుంటే పిల్లలకూ వస్తాయేమో అంటారు. ఇది వంశంలో వచ్చేది కాదు, నీటితో వచ్చేది. పెన్న కాలువల ఊళ్ళో తెల్లని పళ్ళతో పెరిగిన అమ్మాయి ఉదయగిరి మెట్ట ఊరికి కోడలైతే ఆమె పళ్ళు అలాగే ఉంటాయి, అక్కడి బోరు నీటితో పెరిగే ఆమె బిడ్డకు మాత్రం మచ్చలు రావచ్చు. మచ్చల పళ్ళతో మెట్టనుంచి కాలువల ఊరికి వెళ్ళిన అమ్మాయి ఎముకల్లో పాత ఫ్లోరైడ్ కొంత ఉండి మెల్లగా రక్తంలోకి వస్తూనే ఉంటుంది. అయినా ఆమె బిడ్డ ముందుపళ్ళు తయారయ్యేది కొత్త ఊరి నీటితో.

మన ఆచారం ప్రకారం తొలి కాన్పుకు ఏడో నెలలో పుట్టింటికి తీసుకువెళతారు కదా. కడుపులోని బిడ్డకు మొత్తం సుమారు 30 గ్రాముల కాల్షియం కావాలి. అందులో ఎక్కువ భాగం చేరేది ఆ చివరి మూడు నెలల్లోనే. బిడ్డ ఎముకలు గట్టిపడేది అమ్మమ్మగారి ఊరి నీళ్ళతో. కొన్ని నెలల తరువాత తల్లీబిడ్డా అత్తగారింటికి తిరిగి వచ్చేసరికి ముందుపళ్ళ ఎనామెల్ మొదలవుతుంది. నీళ్ళను పరీక్షకు పంపేటప్పుడు రెండు సీసాలు పంపాలి, ఒకటి ఈ ఊరిది, ఒకటి ఆ ఊరిది.